టీబీపై తరచుగా అడిగే ప్రశ్నలు: దగ్గు మొదలైన నాటి నుంచి కోర్సు ముగిసే దాకా

క్షయకు మందులున్నాయి, అవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి, సకాలంలో మొదలుపెట్టి చివరిదాకా వాడిన వారిలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. అయినా రోగులూ వారి ఇంటివారూ అడిగే సందేహాలు ఏళ్ల తరబడి మారడం లేదు. వాటిలో చాలావాటి వెనుక రెండే పొరపాట్లు కనిపిస్తాయి: పరీక్షకు ఆలస్యంగా వెళ్లడం, మందులు ముందుగా ఆపేయడం. అందుకే ఆ సందేహాలను దశలవారీగా ఇక్కడ సమకూర్చాము. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు. మందుల మోతాదు, మార్పుచేర్పులు మాత్రం వైద్యుడే నిర్ణయించాలి.

## వ్యాధి గురించి

టీబీ ఎప్పుడో పోయింది కదా, ఇప్పుడు ఎవరికి వస్తోంది?

పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 8 లక్షల మంది కొత్తగా టీబీ బారిన పడ్డారు, దాదాపు 12.5 లక్షల మంది మరణించారు. కోవిడ్ విజృంభించిన మూడేళ్లను మినహాయిస్తే, ఒకే ఒక్క సూక్ష్మజీవి వల్ల సంభవించే మరణాల్లో మొదటి స్థానం ఈ వ్యాధిదే. ఆ ఏడాది కేసుల్లో 26 శాతం ఒక్క భారతదేశంలోనే నమోదయ్యాయని అంచనా; తరువాతి స్థానాల్లో ఇండోనేషియా, చైనా, ఫిలిప్పీన్స్, పాకిస్థాన్ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 1993లోనే. వ్యాధి పోయిందన్న భావన కలగడానికి అసలు కారణం రోగులు దాచుకోవడం. షుగర్ ఉందని పదిమందిలో చెప్పుకునేవారు సైతం టీబీ అని తేలితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్పి ఊరుకుంటారు.

టీబీ ఎలా అంటుకుంటుంది? కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా?

అక్కర్లేదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న వ్యక్తి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వెలువడే అతిసూక్ష్మమైన తుంపర్లు గాలిలో కొన్ని గంటల పాటు తేలుతూ ఉంటాయి. వాటిని పీల్చడం వల్లే ఇది ఒకరి నుంచి మరొకరికి సోకుతుంది. కంచం, దుప్పటి, మరుగుదొడ్డి, కరచాలనం ద్వారా రాదు. కాబట్టి గిన్నెలు వేరుచేసినందువల్ల ఒరిగేది ఏమీ లేదు, రోగి మనసు గాయపడటం తప్ప. చేయవలసిన పని కిటికీలు తెరవడం. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదిలో నెలల తరబడి కలిసి నిద్రించే వారికే ముప్పు ఎక్కువ. బస్సులో పక్కన పది నిమిషాలు కూర్చున్న వారికి చాలా తక్కువ.

మా వంశంలో ఎవరికీ లేదు, మరి నాకెలా వచ్చింది?

ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ దీనికి కారణమైన బ్యాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించడంతోనే ఆ వాదానికి కాలం చెల్లింది. ఏటా అదే తేదీన ప్రపంచ క్షయ దినోత్సవం జరుపుతున్నాము. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఏదో ఒక సమయంలో ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వారిలో చాలామందిలో అది నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది: లక్షణాలు ఉండవు, ఇతరులకు అంటదు. సోకిన వారిలో 5 నుంచి 10 శాతం మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యాధిగా బయటపడుతుంది. ఎవరి నుంచి, ఎప్పుడు సోకిందో చాలాసార్లు తేల్చలేము.

ఇది పేదవాళ్ల జబ్బు అంటారు, నిజమేనా?

సగం నిజం. గాలి పీల్చే ప్రతివారికీ సోకవచ్చు. 2000 సంవత్సరంలో తనకు వెన్నెముక టీబీ వచ్చి తగ్గిందని అమితాబ్ బచ్చన్ స్వయంగా బహిరంగంగా చెప్పారు. అయితే సోకిన క్రిమి వ్యాధిగా మారేది ఎక్కువగా ఒంట్లో సత్తువ తగ్గిన వారిలో. పోషకాహార లోపం, హెచ్ఐవీ, మధుమేహం, పొగతాగడం, అతిగా మద్యం తాగడం అనే అయిదింటినీ ప్రపంచమంతటా ప్రధాన కారణాలుగా గుర్తించారు. రాతి క్వారీల్లో, క్రషర్ల దగ్గర ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అది ఉన్నవారికి టీబీ ముప్పు చాలా ఎక్కువ. మధ్యతరగతి కుటుంబాల్లో ఇప్పుడు తరచుగా కనిపించే జోడీ మధుమేహమూ టీబీ. అందువల్ల షుగర్ ఉన్నవారు దగ్గును తేలికగా తీసుకోకూడదు.

## అనుమానం వచ్చినప్పుడు

దగ్గు ఎన్నాళ్లు ఉంటే పరీక్ష చేయించుకోవాలి?

రెండు వారాలు. దగ్గుతో పాటు సాయంత్రం వేళ వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, గళ్లలో (కఫంలో) రక్తపు జీర, ఛాతీ నొప్పి వంటివి ఏవి ఉన్నా ఆగకూడదు. హెచ్ఐవీ ఉన్నవారికి ఈ రెండు వారాల గడువు కూడా వర్తించదు. ఏ కాస్త దగ్గు వచ్చినా చూపించుకోవాలి. 2019 నుంచి 2021 వరకు దేశవ్యాప్తంగా జరిగిన టీబీ సర్వేలో, లక్షణాలు ఉన్నవారిలో 64 శాతం మంది ఎక్కడా వైద్యానికి వెళ్లలేదని తేలింది. వెళ్లకపోవడానికి వారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది లక్షణాలను పట్టించుకోకపోవడమే. చలికాలం దగ్గని, బీడీ దగ్గని, దుమ్ము పడలేదని సర్దిచెప్పుకునే ఆ నెలల్లోనే ఇంట్లో పసిపిల్లలకు సోకుతుంది.

ఆర్‌ఎంపీ ఇచ్చిన మందుతో తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇంకో కోర్సు వాడనా?

వాడవద్దు, ముందు గళ్ల పరీక్ష చేయించుకోండి. దగ్గుకు విరివిగా ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. వాటితో కొన్నాళ్లు హాయిగా అనిపిస్తుంది, పరీక్షలో క్రిమి దొరకకుండా పోవచ్చు, ఈలోగా వ్యాధి ముదురుతుంది. పైగా మామూలు మందులకు లొంగని మొండి టీబీ చికిత్సలో అవసరమయ్యే మందుల కోవకు చెందిన దానికే క్రిమి అలవాటు పడే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ బిళ్లలదీ ఇంచుమించు ఇదే కథ: ఆకలి వేస్తుంది, జ్వరం దిగుతుంది, క్రిమికి మాత్రం అడ్డు ఉండదు.

దగ్గే లేదు, మెడ దగ్గర బిళ్లలు కట్టాయి. అది కూడా టీబీ అవుతుందా?

కావచ్చు. జుట్టు, గోళ్లు తప్ప శరీరంలో దాదాపు ఏ భాగానికైనా టీబీ రావచ్చని వైద్యులు అంటుంటారు. ఊపిరితిత్తుల తరువాత ఎక్కువగా కనిపించేది మెడ, చంకల్లోని లింఫు గ్రంథుల్లో. వెన్నెముకకు వస్తే తగ్గని నడుమునొప్పి, పేగులకు వస్తే కడుపునొప్పి, మెదడు పొరలకు వస్తే తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తాయి. గర్భాశయ నాళాలకు వచ్చిన టీబీ సంతానలేమికి కారణమవుతుంది, చాలామంది స్త్రీలలో అది పిల్లల కోసం పరీక్షలు చేయించుకున్నప్పుడే బయటపడుతుంది. ఊపిరితిత్తులకు బయట మాత్రమే ఉన్న టీబీ సాధారణంగా ఇతరులకు అంటదు. దీన్ని నిర్ధారించడానికి గడ్డ నుంచి సూదితో నమూనా తీయవలసి ఉంటుంది. పసరు కట్టు కట్టించి కాలయాపన చేయవద్దు.

## పరీక్షల దశ

ఎక్స్‌రే తీస్తే చాలదా, గళ్ల కూడా ఎందుకు ఇవ్వాలి?

రెండింటి పని వేరు. ఎక్స్‌రే అనుమానాన్ని పుట్టిస్తుంది, గళ్ల పరీక్ష నిర్ధారిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే మచ్చ పాత టీబీది కావచ్చు, న్యుమోనియాది కావచ్చు, క్యాన్సర్‌ది కూడా కావచ్చు. అలాగని ఎక్స్‌రే అనవసరమని కాదు: లక్షణాలు ఏవీ లేకపోయినా వ్యాధి ఉన్నవారు ఉంటారు. 2019-21 జాతీయ సర్వేలో బయటపడిన కేసుల్లో 42.6 శాతం ఎక్స్‌రే తీయకపోతే తప్పిపోయేవే.

గళ్లలోని క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు కొద్ది గంటల్లో ఫలితం ఇస్తాయి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందా లేదా అన్నదీ చెబుతాయి. ట్రూనాట్ యంత్రం మన దేశంలో, గోవాలోని సంస్థ తయారుచేసింది. బ్యాటరీతో నడుస్తుంది కనుక చిన్న ఆసుపత్రుల్లోనూ ఉంచగలుగుతున్నారు. నమూనా ఇచ్చేటప్పుడు ఉమ్మి ఇస్తే లాభం లేదు. పొద్దున్నే లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడు సార్లు గాఢంగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి వచ్చిన చిక్కటి గళ్లను డబ్బాలో వేయాలి. ఆరుబయట వేయడం మంచిది. గళ్ల తీయలేని చిన్నపిల్లలకు కడుపులోని ద్రవంతోనో మలంతోనో పరీక్ష చేస్తారు.

రక్తపరీక్షలో టీబీ ఉందన్నారు. నమ్మవచ్చా?

ఏ రక్తపరీక్ష అన్నదాన్ని బట్టి ఉంటుంది. రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే కిట్లు తప్పుడు ఫలితాలు ఇస్తున్నందున కేంద్ర ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. ఇగ్రా అనే రక్తపరీక్ష, చేతి మీద సూది వేసి వాపు కొలిచే మాంటూ పరీక్ష క్రిమి ఒంట్లోకి ప్రవేశించిందని మాత్రమే చెబుతాయి. వ్యాధి ఉందని చెప్పవు. మన దేశంలో పెద్దవారిలో చాలామందికి ఇవి పాజిటివ్ వస్తాయి. వీటి ఒక్కదాని ఆధారంగా ఆరు నెలల మందులు మొదలుపెట్టమంటే రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోండి.

టీబీ అని తేలితే పేరు ప్రభుత్వానికి వెళ్తుందట, ఊరంతా తెలిసిపోదా?

2012 నుంచి ప్రతి టీబీ కేసునూ, ప్రైవేటులో తేలినదైనా సరే, ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. నిక్షయ్ అనే పోర్టల్‌లో నమోదుచేసి రోగికి ఒక ఐడీ ఇస్తారు. ఆ వివరాలు గోప్యమైనవి, వైద్య సిబ్బందికే పరిమితం కావాలి. టీబీ విభాగం సూపర్‌వైజర్ లేదా ఆశా కార్యకర్త ఇంటికి రావడం ఇబ్బంది అనిపిస్తే ఆ సంగతి ముందే చెప్పి, ఫోన్‌లో మాట్లాడమనో ఆసుపత్రిలోనే కలుస్తామనో కోరవచ్చు. ఐడీ ఉంటేనే ఉచిత మందులు, పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు అందుతాయి. 2018లో 500 రూపాయలతో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబర్ నుంచి రెట్టింపు చేశారు. ప్రైవేటులో వైద్యం పొందేవారికీ ఇది వర్తిస్తుంది.

## మందులు వాడే దశ

రెండు నెలలకే బాగైపోయింది, బరువు కూడా పెరిగాను. ఇంకా నాలుగు నెలలు వాడాలా?

వాడాలి. అన్నిటికంటే ఎక్కువమంది అడిగేదీ, తప్పు జవాబు వల్ల ఎక్కువ నష్టం జరిగేదీ ఈ ప్రశ్న దగ్గరే. మామూలు టీబీకి మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు ఇస్తారు. ఇవన్నీ ఒకే బిళ్లలో కలిసి ఉంటాయి. రోజుకు ఎన్ని బిళ్లలన్నది బరువును బట్టి నిర్ణయిస్తారు. చురుగ్గా పెరుగుతున్న క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చనిపోతాయి కాబట్టి జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. మందకొడిగా, దాదాపు నిద్రావస్థలో ఉన్న క్రిములు మాత్రం అలాగే మిగిలి ఉంటాయి. వాటిని తుదముట్టించడానికే మిగిలిన నాలుగు నెలలు. అప్పుడు ఆపేస్తే వ్యాధి తిరగబెడుతుంది. మందులు వాడుతూ మానుతూ ఉంటే, వాటికి లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. కూలి పనులకు వలస వెళ్లేవారు మందులు ఆపనవసరం లేదు: నిక్షయ్ ఐడీ చూపితే దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రానికైనా బదిలీ చేస్తారు.

మందులు వేడి చేస్తున్నాయి, మూత్రం ఎర్రగా వస్తోంది. ఆపేయాలా?

మూత్రం, చెమట నారింజ రంగులోకి మారడం రిఫాంపిసిన్ లక్షణం. అది రక్తం కాదు, వేడి కాదు, హాని లేదు. కడుపులో వికారం, ఒళ్లు దురద, కీళ్లనొప్పులు రావచ్చు. వైద్యుడికి చెబితే వేళలు మార్చడమో చిన్న మందులు జోడించడమో చేస్తారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు వేరు: కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, చూపు మసకబారడం, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోవడం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. కామెర్లు కనిపిస్తే బిళ్లలు వేసుకోవడం నిలిపి అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. ఈ ఆరు నెలలూ మద్యం ముట్టకూడదు, కాలేయం మీద రెండు భారాలు పడతాయి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు రిఫాంపిసిన్ వల్ల వాటి ప్రభావం తగ్గుతుందని గుర్తించి వేరే పద్ధతి అడగాలి.

ఉచితంగా ఇచ్చే మందులు మంచివేనా?

మంచివే. జాతీయ కార్యక్రమంలో ఇచ్చేవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసే మందులే. డబ్బు పెట్టి కొన్నది ఎక్కువ పనిచేస్తుందన్న నమ్మకంతో అప్పులు చేసిన కుటుంబాలు ఎన్నో, మూడో నెలలో డబ్బు అయిపోయి మందులు ఆపేసినవారూ అంతే.

పథ్యం ఉండాలా? గుడ్డు, మాంసం, వంకాయ తినవచ్చా?

పథ్యం లేదు, కడుపునిండా తినాలి. గుడ్డు, పప్పు, పాలు, చేపలు, మాంసం, వేరుశనగ ఏది అందుబాటులో ఉంటే అది తినవచ్చు. వంకాయ, గోంగూర మానవలసిన పని లేదు. జబ్బుతో ఇప్పటికే చిక్కిపోయిన మనిషిని చారు అన్నంతో సరిపెట్టడం మన ఇళ్లలో ప్రేమతో జరిగే పొరపాటు. తిండి ఎంత ముఖ్యమో ఝార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన రేషన్స్ అనే అధ్యయనం చూపింది. అందులో 2,800 మంది రోగుల కుటుంబాలు పాల్గొన్నాయి. రోగులందరికీ నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనెతో కూడిన ఆహారం అందింది. ఒక వర్గంలో ఇంటివారికి కూడా రేషన్ ఇచ్చారు. రెండో వర్గంలో ఇవ్వలేదు. రేషన్ అందిన ఇంటివారిలో కొత్తగా టీబీ రావడం దాదాపు 39 శాతం తగ్గింది. తొలి నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. ఇంత ప్రభావం చూపింది కొత్త మందో టీకానో కాదు, బియ్యమూ పప్పూ! టీబీ అదుపు ఆరోగ్య శాఖ ఒక్కదాని పని కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎండీఆర్ టీబీ అన్నారు. ఇక ఆశ వదులుకోవాలా?

వద్దు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని టీబీని ఎండీఆర్ అంటారు. మందులు సరిగా వాడని వారికే కాదు, అటువంటి రోగి నుంచి నేరుగా సోకిన వారికీ ఇది వస్తుంది కాబట్టి రోగిని నిందించడం తగదు. ఒకప్పుడు దీనికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ల చికిత్స, నెలల తరబడి ఇంజెక్షన్లు ఉండేవి. ఆ ఇంజెక్షన్ల వల్ల కొందరు వినికిడి కోల్పోయారు. అలా వినికిడి పోగొట్టుకున్న ముంబై మహిళ నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలేతో కలిసి ఎండీఆర్‌కు వాడే బెడాక్విలిన్ మందుపై పేటెంటు గడువు పొడిగింపును సవాలు చేశారు. 2023 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం ఆ పొడిగింపును తిరస్కరించింది. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఇంజెక్షన్లు లేకుండా ఆరు నెలల్లో ముగిసే కొత్త చికిత్సకు 2024లో కేంద్రం అనుమతినిచ్చింది. ఎవరికి తగినదో పరీక్షలు చేసి నిపుణులు నిర్ణయిస్తారు.

నేను గర్భిణిని. మందులు బిడ్డకు హాని చేయవా?

మామూలు టీబీ మందులను గర్భిణులకు ఇస్తారు. బిడ్డకు ఎక్కువ హాని చికిత్స లేని టీబీ వల్లే. ప్రసవం తరువాత తల్లి పాలివ్వవచ్చు, మాస్కు పెట్టుకుంటే చాలు. బిడ్డకు టీబీ లేదని చూసి నివారణ మందు ఇస్తారు.

## ఇల్లు, పెళ్లి, ప్రయాణం

రోగిని ఇంట్లో ఉంచుకోవచ్చా, ఆసుపత్రిలో చేర్చాలా?

చాలామందికి ఇల్లే చాలు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఉన్నటువంటి శానటోరియాల్లో కొండగాలి, విశ్రాంతి, మంచి తిండితో నెలల తరబడి ఉంచిన కాలం ఒకటుంది. 1956లో మద్రాసులో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన అధ్యయనం ఆ పద్ధతిని మార్చేసింది. పేటల్లోని ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో ఇంచుమించు సమానంగా కోలుకున్నారు, వారి ఇంటివారికి అదనంగా వ్యాధి సోకలేదు. ప్రపంచం నేటికీ అనుసరిస్తున్న ఇంటివద్ద చికిత్సకు అదే పునాది. సరైన మందులు మొదలైన సుమారు రెండు వారాల్లో అంటించే శక్తి బాగా తగ్గుతుంది. అప్పటివరకు మాస్కు, గాలి ఆడే గదిలో పడక ఉంటే చాలు. రక్తం కక్కుకోవడం, తీవ్రమైన ఆయాసం, మెదడు టీబీ వంటివి ఉంటేనే ఆసుపత్రిలో చేర్చాలి.

ఇంట్లో మిగతా వాళ్లకు ఏమీ లేదు. వాళ్లెందుకు మందులు వాడాలి?

కొత్తగా సోకిన క్రిమి మొదటి రెండేళ్లలోనే వ్యాధిగా మారే అవకాశం ఎక్కువ. అందుకే ఇంట్లో అందరినీ పరీక్షించి, వ్యాధి లేదని తేలిన వారికి నివారణ చికిత్స ఇస్తారు: రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా వారానికి ఒకసారి చొప్పున పన్నెండు మోతాదుల్లో ముగిసే రెండు మందుల కోర్సు. అయిదేళ్ల లోపు పిల్లలకూ హెచ్ఐవీ ఉన్నవారికీ ఇది మరింత అవసరం.

చిన్నప్పుడు బీసీజీ వేయించారు కదా, మళ్లీ ఎలా వస్తుంది?

1921 నుంచి వాడుకలో ఉన్న బీసీజీ పసిపిల్లలను మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ నుంచి బాగా కాపాడుతుంది. పెద్దవారి ఊపిరితిత్తుల టీబీని అది ఆపలేకపోతోందని తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో జరిగిన భారీ పరిశీలనలో తేలింది. పెద్దల కోసం ఎం72 అనే టీకాపై 2024లో మొదలైన చివరి దశ పరీక్షలు కొనసాగుతున్నాయి.

టీబీ వచ్చి తగ్గిన అమ్మాయికి పెళ్లి చేయవచ్చా? పిల్లలు పుడతారా?

చేయవచ్చు, పుడతారు. కోర్సు పూర్తిచేసి నయమైన వ్యక్తి ఇతరులకు అంటించరు, బిడ్డలకు వంశపారంపర్యంగా రాదు. గర్భాశయ టీబీ ఆలస్యంగా తేలిన కొందరిలో మాత్రం సంతానం విషయంలో నిపుణుల సాయం కావలసి రావచ్చు. ఇదే ప్రశ్న అబ్బాయి విషయంలో ఎవరూ అడగకపోవడం గమనించదగినది.

యూకేలో సీటు వచ్చింది. ఎక్స్‌రేలో పాత మచ్చ ఉంటే వీసా ఆగిపోతుందా?

ఆరు నెలలకు మించి ఉండేందుకు భారతదేశం నుంచి యూకేకు వెళ్లేవారు ఆ దేశ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లోనే టీబీ పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ పొందాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే గళ్లను కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపుతారు, దాని ఫలితానికి సుమారు రెండు నెలలు పడుతుంది. పాత మచ్చ ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. అప్పటి చికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రేలు భద్రంగా ఉంచుకుని, తరగతులు మొదలవడానికి కనీసం మూడు నాలుగు నెలల ముందే పరీక్షకు వెళ్లండి. పాత టీబీని దాచిపెట్టడం వల్లే చిక్కులు ఎక్కువ.

## లక్ష్యాలు, మన వంతు

2025 కల్లా దేశంలో టీబీ ఉండదన్నారు, ఏమైంది?

ప్రపంచ లక్ష్యమైన 2030 కంటే అయిదేళ్లు ముందే టీబీని అంతమొందిస్తామని 2018లో భారత ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మన దేశంలో లక్ష జనాభాకు కొత్త కేసులు 2015లో 237 ఉండగా 2023 నాటికి 195కు తగ్గాయి, అంటే 17.7 శాతం తగ్గుదల. అదే కాలంలో ప్రపంచ సగటు తగ్గుదల 8.3 శాతమే కాబట్టి ఇది తీసిపారేయదగిన ఫలితం కాదు. అనుకున్నది మాత్రం 80 శాతం. మరోవైపు ప్రపంచవ్యాప్తంగా టీబీ సేవలకు ఏటా 2,200 కోట్ల డాలర్లు కావాలని ఐక్యరాజ్యసమితి సమావేశంలో దేశాలు అంగీకరించగా, 2023లో దొరికింది 570 కోట్లే. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేయడంతో ఆఫ్రికా, ఆసియాల్లోని అనేక పేద దేశాల కార్యక్రమాలు దెబ్బతిన్నాయి. మన కార్యక్రమం ఎక్కువగా సొంత నిధులతోనే నడుస్తోంది, అయినా గాలి ద్వారా వ్యాపించే వ్యాధికి సరిహద్దులు అడ్డుకావు.

మా ఊళ్లో నేనేం చేయగలను?

రెండు వారాలు దాటి దగ్గుతున్న మనిషి కనిపిస్తే దగ్గరలోని పీహెచ్‌సీకి తోడు తీసుకెళ్లండి. ఎక్కువమంది తప్పిపోతున్నది ఆ మొదటి అడుగు దగ్గరే. నిక్షయ్ మిత్రగా, అంటే రోగులకు తోడ్పడే దాతగా నమోదైతే చికిత్సలో ఉన్న కుటుంబానికి నెలనెలా ఆహారపు కిట్ ఇవ్వవచ్చు. కిట్ ఇచ్చేటప్పుడు రోగిని పక్కన నిలబెట్టి ఫొటో తీసి అందరికీ పంచవద్దు. సందేహాలు ఉంటే, మందుల కొరత ఎదురైతే నిక్షయ్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు.